గోదావరి లోయ భూకంపాలు: చిన్న కంపనాల నమోదు ఎందుకు అవసరం?

2024 డిసెంబరు 4 ఉదయం 7.27 గంటలకు ములుగు అడవుల కింద పుట్టిన 5.3 తీవ్రత భూకంపం వరంగల్, ఖమ్మం దాటి హైదరాబాద్ దాకా తెలిసింది. అదే ఏడాది వానాకాలంలో పెనుగాలికి తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు కూలడంతో రెండింటికీ ముడిపెట్టినవారు లేకపోలేదు. గాలికీ, దాదాపు 40 కిలోమీటర్ల లోతున కదిలిన రాతికీ ఏ సంబంధమూ లేదు. చూడాల్సింది 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపం వైపు. 5.7 తీవ్రతతో వచ్చిన అదీ ఈ గోదావరి లోయదే.

కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ భూమి పొర చీలి, నడిమి భాగం కుంగింది. ఆ పల్లంలో ఇసుకరాయితో పాటు పేరుకున్న బొగ్గునే నేడు సింగరేణి తవ్వుతోంది. భారత ఫలకం ఉత్తరంగా జరుగుతూ హిమాలయాలను నెట్టడం వల్ల పుట్టే ఒత్తిడి, లోయ వెంట మిగిలిన ఆ పాత పగుళ్ల మీద ఇప్పటికీ పడుతూనే ఉంది. 2002 నాటి భూకంప పటంలో ఈ ప్రాంతాన్ని జోన్ 3లో, అంటే ఒక మోస్తరు ముప్పున్న ప్రాంతంగా చేర్చడానికి కారణం ఇదే.

అయితే 55 ఏళ్ల తేడాతో వచ్చిన రెండు పెద్ద కుదుపులను బట్టి పగులు ఎటు సాగిందో, ఎంత వాలుగా దిగిందో చెప్పలేం. చెప్పగలిగేవి మనిషికి తెలియని చిన్న కంపనాలు. తీవ్రత ఒక అంకె తగ్గినకొద్దీ వాటి సంఖ్య సుమారు పది రెట్లు పెరుగుతుంది. చిక్కేమిటంటే, భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్ట్ గనుల పేలుళ్లు, లారీలు, రైళ్లు, చివరికి చెట్లను ఊపే గాలి కూడా నేల మీది పరికరంలో నమోదై ఆ చిన్న కంపనాలను కప్పేస్తాయి. పైగా వదులుగా ఉండే పైమట్టి సూక్ష్మ తరంగాలను మింగేస్తుంది. అందుకే గట్టి రాయి తగిలేదాకా బోరు వేసి, కేసింగ్ దించి, మూడు దిశల కదలికను పట్టే సెన్సారును అడుగున బిగిస్తారు. అక్కడ మొదటి తరంగం ఏ క్షణాన తాకిందో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, కంపన కేంద్రాన్ని గుర్తించడంలో పొరపాటు బాగా తగ్గుతుంది.

కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1980ల చివరి నుంచే ఈ పద్ధతి ఉంది. పగులులో ఒకేచోట మళ్లీ మళ్లీ పుట్టే చిన్న కంపనాలు అక్కడ బయటపడ్డాయి. మన దేశంలో 1967 డిసెంబరు నాటి 6.3 తీవ్రత భూకంపంతో దెబ్బతిన్న మహారాష్ట్రలోని కోయినాలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ లోతైన బోర్లలో సెన్సార్లు దించింది. అక్కడే 2017లో 3 కిలోమీటర్ల పరిశోధక బోరు కూడా పూర్తయింది.

ఆ అనుభవం ఉన్న సంస్థ మన రాష్ట్రంలోనే ఉన్నందున గోదావరి లోయకూ అలాంటి ఏర్పాటు కోరడం న్యాయం. కాకపోతే కోయినాను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే సరిపోదు. అక్కడి కంపనాలు ఎక్కువగా 10 కిలోమీటర్ల లోపే పుడతాయి. ములుగుది అంతకంటే ఎంతో లోతు కనుక, పగులు దాకా తవ్వే ఆలోచన మాని, గనుల చప్పుడుకు దూరంగా, గోదావరికి రెండు వైపులా, విశాలమైన ప్రాంతంలో తక్కువ లోతు బోర్లు వేసి ఏళ్ల తరబడి ఆగకుండా నమోదు చేయాలి.