కొట్టడానికి ముందు ఒక నిమిషం: కేసుల్లో చిక్కిన పిల్లల చికిత్సపై అపోహలు - వాస్తవాలు

గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలు. కొట్లాటలు, బైకు దొంగతనాలు, బ్లేడు గాయాలు. కొందరిని పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు పంపుతుంది, కొందరిని తల్లులే చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. వాళ్ల వెంట ఇంటిల్లిపాదీ నమ్మే కొన్ని మాటలు కూడా వస్తాయి. నా పనిలో సగం ఆ మాటలతోనే.

అపోహ: దండం దశగుణం భవేత్. రెండు తగిలించి, ఒకసారి జైలు చూపిస్తే దారికొస్తాడు.

వాస్తవం: మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ఒక తండ్రి, "నా చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టానమ్మా, అయినా మారలేదు" అని నా ఎదుట కంటతడి పెట్టుకున్నాడు. దెబ్బ పిల్లవాణ్ణి ఆ పూటకు అణచి ఉంచుతుంది. కోపం తలకెక్కినప్పుడు ఎలా తమాయించుకోవాలో మాత్రం నేర్పదు. పైగా కోపం వస్తే చెయ్యి లేపాలన్న పాఠం ఇంట్లోనే మరోసారి అప్పగించినట్టవుతుంది. జైలు చూపించి భయపెట్టే 'స్కేర్డ్ స్ట్రెయిట్' అనే పద్ధతి అమెరికాలో 1970లలో పేరుకెక్కింది. తర్వాత నియంత్రిత ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే, జైలు చూసొచ్చిన పిల్లలే చూడనివారికంటే ఎక్కువగా నేరాలు చేసినట్టు తేలింది.

అపోహ: వాడిది రాతి గుండె. అన్నీ తెలిసే చేస్తాడు.

వాస్తవం: ఒక పిల్లవాడి గురించి వివరాలు మార్చి చెబుతాను. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం చట్టప్రకారం నేరం కూడా. పదహారేళ్ల కుర్రాడు. క్రికెట్ ఆటలో మాటా మాటా పెరిగి, బ్యాటుతో తోటివాడి చెయ్యి విరగ్గొట్టాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "కోపం వచ్చింది, కొట్టాను మేడమ్." మూడో వారం ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి, ఆ ఒక్క నిమిషాన్నీ వెనక్కి నడిపిస్తూ రాయించాను. కొట్టడానికి ముందు? చెవులు వేడెక్కాయి. దానికి ముందు? దవడ బిగిసింది. ఇంకా ముందు? పెన్ను చాలాసేపు కదల్లేదు. తర్వాత చిన్న అక్షరాలతో రాశాడు: "వెనకాల ఎవరో నవ్వారు."

ఆ నవ్వు వేరే దేనికో అయి ఉండవచ్చు కదా అంటే, నా వంక వింతగా చూశాడు. ఆ ఆలోచన అతనికి ఎన్నడూ తట్టలేదు. దెబ్బలు తింటూ పెరిగిన పిల్లల్లో చాలామందికి మామూలు చూపులో కూడా కయ్యం కనిపిస్తుంది. అవమానం, భయం, బెంగ, ఏది కలిగినా వాళ్ల నోట వచ్చే పేరు కోపమే. అందుకే చికిత్సలో ముందు ఆ చిక్కుముడి విప్పుతాం. ఆపైన ఒళ్లు ఇచ్చే హెచ్చరికను పట్టుకోవడం నేర్పుతాం. ఇతనికి అది చెవుల వేడి. అది తెలియగానే పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలాలి, అక్కడినుంచి పక్కకు వచ్చి ముఖాన చన్నీళ్లు చల్లుకోవాలి, ఆ నవ్వుకు ఇంకో అర్థం ఉందేమో చూడాలి. ఇదంతా మనసు కుదురుగా ఉన్న రోజుల్లో పదేపదే చేయిస్తాం. కృష్ణ కాలువలో ఈత వరద రోజున ఎవరూ నేర్పరు కదా.

నాలుగో నెలలో మళ్లీ గొడవపడి ఒకణ్ణి నెట్టేశాడు. ఇంట్లో అందరూ పెదవి విరిచారు. నేను మాత్రం, బ్యాటు ఎందుకు కింద పడేశావని అడిగాను. "చెవులు తెలిశాయి మేడమ్" అన్నాడు.

అపోహ: కోపాన్ని కక్కేస్తే తగ్గుతుంది. దిండును గుద్దమనండి.

వాస్తవం: 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు దీన్ని పరీక్షించాడు. తమను రెచ్చగొట్టినవారిని తలచుకుంటూ సంచిని గుద్దినవారిలో కోపం మరింత పెరిగింది. ఏమీ చేయకుండా కూర్చున్నవారే నయం.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగునా?

వాస్తవం: పదహారేళ్లవాడు ఇంకా మొక్కే. ఆవేశానికి కళ్లెం వేసే మెదడు ముందుభాగం సుమారు ఇరవై అయిదేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. కౌమారంలో తప్పుదారి పట్టినవారిలో ఎక్కువమంది పెద్దయ్యాక ఆ దారి వదిలేస్తారని మనస్తత్వవేత్త టెర్రీ మోఫిట్ 1993లోనే రాశారు. చిన్నతనం నుంచే మొదలై కొనసాగేవారు కొద్దిమంది. వారికి సాయం ఇంకా ముందే అందాలి.

అపోహ: మార్చాల్సింది పిల్లవాణ్ణి ఒక్కణ్ణే.

వాస్తవం: ఇంటివాళ్లు రాకపోతే నా పని సగంలోనే ఆగుతుంది. మిర్చి యార్డులో పనిచేసే ఆ తండ్రికి నేను చెప్పింది ఒక్కటే: కొడుకు గడపలో అడుగుపెట్టగానే విచారణ మొదలుపెట్టవద్దు, ముందు అన్నం తిననివ్వండి. ఇక దుడుకు పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇవ్వడం నాకు ఇష్టముండదు. సరైన అదుపు లేకపోతే అక్కడ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేది వేరే విద్య.

అపోహ: ఒకసారి కేసు పడితే ఉద్యోగం రాదు. బయటికి పొక్కనివ్వకూడదు.

వాస్తవం: 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద విచారణ జరిగిన పిల్లలకు ఆ కేసు కారణంగా అనర్హత అంటదని 24వ సెక్షన్ చెబుతుంది. 16 ఏళ్లు దాటి, ఘోర నేరాల్లో పెద్దవారిలా విచారణ ఎదుర్కొని దోషులుగా తేలినవారికి మాత్రం ఇది వర్తించదు. కౌన్సెలింగ్‌కు పంపే అధికారం కూడా బోర్డుకు చట్టమే ఇచ్చింది. ఈ సంగతి తెలియక, పరువు పోతుందని దాచి, రెండో కేసు పడ్డాక వచ్చే తల్లులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పిల్లలకు ఆపద వస్తే 1098కి, మనసుకు సంబంధించిన సలహా కావాలంటే టెలి మానస్ 14416కి ఫోను చేయండి. రెండూ ఉచితమే, రాత్రివేళ కూడా పలుకుతాయి.