బెలూన్ దగ్గర ఎందుకు అరిచానంటే

రేయ్ చిన్నూ, అమ్మడూ బుజ్జీ,

జాతరలో కొన్న గ్యాస్ బెలూన్‌ని దీపం దగ్గరికి తీసుకెళ్తే తాతయ్య అరిచాడని ఇంకా అలిగే ఉన్నారంట, మీ అమ్మ చెప్పింది. బెలూన్లు అమ్మేవాళ్ళు చాలామంది అందులో హైడ్రోజనే నింపుతార్రా, నిప్పు తగిలిందా భగ్గుమంటది.

1930లో ఇంగ్లండ్ వాళ్ళు ఆ గ్యాస్‌తోనే ఆకాశంలో ఓడ నడిపారు, ఆర్101 అని. 237 మీటర్ల పొడుగు, అంటే మన రైలుపెట్టెలు పది వరసగా పెట్టినంత. లోపల గ్యాస్ సంచులేమో ఎద్దుల పేగు పొరలు అతికించి చేసినవి. అందులోనే సిగరెట్లు కాల్చుకోడానికి ఒక గది కూడా పెట్టారు చూడండి, ఏం ధైర్యమో!

అది లండన్‌కి ఉత్తరాన ఉన్న కార్డింగ్టన్ నుంచి ఈజిప్ట్ మీదుగా కరాచీ రావాలి, అప్పట్లో కరాచీ మన దేశంలోదే, అక్కడ దీనికోసం పెద్ద టవరూ షెడ్డూ కట్టి రెడీగా పెట్టారు కూడా. విమానాల మంత్రి లార్డ్ థామ్సన్, ఈయన పుట్టింది మన నాసిక్‌లోనే, దాన్లో ఇండియా చూసొచ్చి అక్టోబర్ 20కల్లా మళ్ళీ లండన్‌లో మీటింగుకి ఉండాలి, అదీ తొందర. ఓడ సరిగ్గా బరువు లేపట్లేదని నడిమికి విడదీసి కొత్త ముక్క కలిపారు, ఆ తర్వాత ఒక్కటంటే ఒక్క ట్రయల్, అదీ ఫుల్ స్పీడ్‌లో నడిపి చూడకుండానే. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడేరా.

అక్టోబర్ 4 సాయంత్రం 54 మందితో బయల్దేరింది, వానా గాలీ. అర్ధరాత్రి దాన్నుంచి వైర్‌లెస్ మెసేజ్ వచ్చింది, పెద్దలు భోంచేసి చుట్టలు కాల్చుకుని పడుకున్నారని. రెండు దాటాక ఫ్రాన్స్‌లో బోవే ఊరి దగ్గర ముక్కు వాలిపోయి గుట్టకి తగిలింది. దెబ్బ పెద్దదేం కాదంట, మంటలే మింగేశాయి. 48 మంది పోయారు, మంత్రితో సహా.

బతికింది ఆరుగురు. ఇంజిన్ గదిలో ఇద్దరున్నారు, ఒకడు డ్యూటీకి కొన్ని నిమిషాలు లేటుగా వచ్చాడు కాబట్టే రెండోవాడు ఇంకా దిగిపోలేదు, పైన నీళ్ళ ట్యాంకు పగిలి ఇద్దరి మీదా పడి మంట ఆర్పింది. హ్యారీ లీచ్ అనే ఆయన ఆ సిగరెట్ గదిలోనే ఉన్నాడు, బయటపడి మళ్ళీ మంటల్లోకెళ్ళి మనుషుల్ని లాగాడు.

ఎంక్వైరీకి ఎవర్ని వేశారో తెలుసా, సర్ జాన్ సైమన్! మద్రాసులో ప్రకాశం పంతులుగారు ఎవరికి ఎదురెళ్ళి పోలీసు తుపాకీకి గుండె చూపించారని చెప్పానూ, ఆ సైమనే. ముందుభాగంలో సంచి గ్యాస్ పోయి ముక్కు వాలిందని తేల్చారు.

చాలా శవాలు ఎవరివో గుర్తుపట్టలేకపోయారమ్మా. అందుకని మంత్రినీ మెకానిక్‌నీ అందర్నీ కార్డింగ్టన్‌లో ఒకే గోతిలో పూడ్చారు. ఓడ మీది జెండా, కాస్త కాలింది, ఆ ఊరి చర్చిలో ఇంకా ఉంది. లండన్లో ఉన్న మీ బాబాయిని ఈసారి అటెళ్తే ఫోటో తీసి పంపమన్నాను, రాగానే చూపిస్తా.

మీ తాతయ్య