జింకు పొట్లంలో ఎన్ని బంధాలు?

పోయినేడు మిరప తోటలో మా బాబాయి జింకు సల్ఫేట్‌ను బకెట్ నీళ్లలో కరిగించి, డీఏపీ ఎరువు తేట కూడా అందులోనే పోశాడు. విడివిడిగా రెండూ తేట నీళ్లే. కలవగానే మజ్జిగలా తెల్లబడి, కాసేపటికి అడుగున మడ్డి పేరుకుంది. "ఏంట్రా, మందు కల్తీదా?" అని గుంటూరులో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

కల్తీ కాదు. నీళ్లలో పడగానే జింకు సల్ఫేట్ జింకు, సల్ఫేట్ అనే రెండు అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా విడిపోతుంది. అలా ఒంటరైన జింకును డీఏపీలోని ఫాస్ఫేట్ పట్టేసుకుంది. అలా పుట్టిన జింకు ఫాస్ఫేట్ నీళ్లలో కరగదు. ఆకుకు అందదు సరికదా, స్ప్రేయర్ నాజిల్‌కి అడ్డం పడుతుంది.

కొట్లో చీలేటెడ్ జింకు అని ఇంకోటి అమ్ముతారు, ఖరీదెక్కువ. అందులో ఈడీటీఏ అనే అణువు జింకును ఆరు చోట్ల పట్టుకుని ఉంటుంది. చీలేట్ అన్న పేరుకు మూలం గ్రీకులో ఎండ్రకాయ డెక్క అనే మాటే. ఆ డెక్కల మధ్య ఉన్న జింకు ఫాస్ఫేట్‌కి అంత తేలిగ్గా చిక్కదు.

లోహం, అలోహం కలిస్తే అయానిక బంధం, అంటే ఒకటి ఎలక్ట్రాన్లు ఇస్తే ఇంకోటి పుచ్చుకుంటుంది అని పిల్లలకు చెబుతుంటాం. జింకు దగ్గర ఆ మాట సరిపోదు. మెగ్నీషియం, జింకు అయాన్లకు ఆవేశం ఒకటే, సైజు కూడా దాదాపు ఒకటే: 72, 74 పీకోమీటర్లు. అయినా మెగ్నీషియం క్లోరైడ్ 714 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, జింకు క్లోరైడ్ 290 దగ్గరే కరుగుతుంది. నాకు రసాయనశాస్త్రంలో బాగా ఇష్టమైన తేడాల్లో ఇదొకటి.

కారణం అయాన్ బయటి పొరలో ఉంది. మెగ్నీషియం అయాన్‌కు అక్కడ 8 ఎలక్ట్రాన్లు, జింకు అయాన్‌కు 18. వాటిలో పది, డీ అనే ఉపపొరలో ఉండే డీ-ఎలక్ట్రాన్లు. కేంద్రకం లాగే లాగుడుకు ఇవి సరిగ్గా అడ్డుపడలేవు. దాంతో జింకు తాను ఇచ్చేసిన ఎలక్ట్రాన్లనే మళ్లీ తనవైపు గుంజుతుంది. క్లోరైడ్ పెద్దది, దాని ఎలక్ట్రాన్ మబ్బు వదులుగా ఉండి ఇటు వంగుతుంది. అంటే కొంత ఇచ్చిపుచ్చుకోవడం, కొంత పంచుకోవడం; జింకు క్లోరైడ్ తక్కువ వేడికే కరగడం అందువల్లే. ఫ్లోరైడ్ చిన్నది, బిగువైనది, వంగదు. అందుకే జింకు ఫ్లోరైడ్ కరగాలంటే 872 డిగ్రీలు కావాలి.

ఇక రెండో కొసన, పంచుకోవడం వైపు, డైఇథైల్ జింకు ఉంది. 19వ శతాబ్దం మధ్యలో ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్ తయారుచేశాడు. అయాన్లతో కాక, విడివిడి అణువులతో ఏర్పడిన పదార్థం. మామూలు వేడిలో ద్రవం, గాలి తగిలితే చాలు భగ్గున మండుతుంది.

బాబాయి వాడిన తెల్ల పలుకుల్లో ఈ బంధాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. సల్ఫేట్ లోపల గంధకం, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు పంచుకుంటాయి. జింకు చుట్టూ ఆరు నీటి అణువులు తమ ఎలక్ట్రాన్ జంటలిచ్చి అతుక్కుంటాయి. ఈ జింకు గుంపుకీ సల్ఫేట్‌కీ మధ్య ఉన్నది అయానిక ఆకర్షణ. ఏడో నీటి అణువు సల్ఫేట్ పక్కన ఉంటుంది. "మరి ఒక సంచి మీద జింకు 21 శాతం, ఇంకోదాని మీద 33 శాతం అని ఉందేంట్రా?" అన్నాడు బాబాయి. మొదటి దాంట్లో ఏడు నీటి అణువులు, రెండో దాంట్లో ఒక్కటే; నీరు తగ్గితే బరువులో జింకు వాటా పెరుగుతుంది.