మైకు పోలేదు, మీ ఫోన్‌కి ఆ చెవే లేదు

విజయనగరం గంటస్తంభం దగ్గర మా సెల్ రిపేరు కొట్టు. వారానికి ఒకరైనా వచ్చి "మైకు పోనాది బాబూ, పిలిస్తే పలకడం లేదు" అంటారు. చూస్తే వాట్సాప్ వాయిస్ మెసేజ్ శుభ్రంగా వెళ్తుంటుంది. స్క్రీన్ వెలిగి ఉంటే "హే గూగుల్" అనగానే ఫోన్‌లోని అసిస్టెంట్ (నోటిమాటతో పని చేయించుకునే సాఫ్ట్‌వేర్) పలుకుతుంది కూడా. స్క్రీన్ ఆపితేనే ఉలుకూ పలుకూ ఉండదు. మరి మైకు పోయిందని ఎలా అంటాం?

ఆమధ్య చీపురుపల్లి వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కంటిచూపు సరిగా ఆనదు. కొడుకు కొనిచ్చిన ఫోన్ తన మాట వింటుందని ఆశపడ్డారు. వేరే కొట్టులో ముందు మైకు ఉండే సబ్ బోర్డు మార్చారట. పలకలేదు. తర్వాత సాఫ్ట్‌వేర్ కొట్టారు. అప్పుడూ పలకలేదు సరికదా, మనవరాలి అన్నప్రాశన ఫొటోలన్నీ పోయాయి. ఆయన డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. ఫొటోలు మళ్లీ వస్తాయా అని మాత్రం రెండుసార్లు అడిగారు. రావు మాస్టారూ అని చెప్పడానికి నాకే నోరు రాలేదు.

విషయం ఏమిటంటే, స్క్రీన్ ఆరితే మెయిన్ ప్రాసెసర్ నిద్రపోతుంది. ఖరీదైన ఫోన్లలో దాని పక్కనే అతి తక్కువ కరెంటుతో నడిచే చిన్న డీఎస్‌పీ (శబ్దాల పని చూసే చిప్) మెలకువగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నా అరుగు మీద కునికే తాతలాంటిదన్నమాట. తన పిలుపు వినబడితేనే లేచి ఇంట్లోవాళ్లని లేపుతుంది. ఆ ఏర్పాటు లేకపోయినా, ఉన్నదాన్ని కంపెనీ వాడుకోకపోయినా, స్క్రీన్ ఆపితే పలకదు. 2014లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8తో, ఐఫోన్ అసిస్టెంట్‌ని పిలిచే "హే సిరి" వచ్చినప్పుడు ఐఫోన్ 6 కూడా చార్జింగ్‌లో ఉంటేనే పలికేది. చార్జర్ లేకుండా పలికింది 2015లో వచ్చిన 6ఎస్. పాత 6కి కొత్త ఐఓఎస్ వేసినా ఆ పని చేయలేదు. యూట్యూబ్‌లో చెప్పే సీక్రెట్ కోడ్‌లతో లేని చిప్ మొలుస్తుందా?

కొన్నిసార్లు బ్యాటరీ సేవర్ కూడా దీన్ని ఆపేస్తుంది. ముందు అది చూసుకోండి.

"మన మాటలన్నీ రికార్డు చేస్తున్నాడట కదా?" అనేది ఇంకో టెన్షన్. పిలుపు కోసం వినేది ఫోన్ లోపలే. మిగతా మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. కాకపోతే పొరపాటున లేస్తే ఆ ముక్క కంపెనీకి వెళ్లొచ్చు. అలాంటివి కొన్ని మనుషులు విన్నారని 2019లో బయటపడింది కూడా. భయముంటే సెట్టింగ్స్‌లో ఆపేయండి, నేనేమీ అనుకోను. బ్యాటరీ తినేస్తుందా అంటే, ఆ చిన్న చిప్ ఉన్న ఫోన్లో పెద్దగా తినదు.

మాస్టారికి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే అసిస్టెంట్ వచ్చేలా పెట్టిచ్చాను. అక్కడే కోడలికి ఫోన్ చేయించుకున్నారు. స్క్రీన్ ఆపినా పలికే ఫోనే కావాలంటే, కొనేముందు షాపులోనే వాయిస్ మ్యాచ్ (మీ గొంతు గుర్తుపట్టే సెట్టింగ్) పెట్టించి, చార్జర్ తీసేసి, స్క్రీన్ ఆపి పిలిచి చూడండి. షాపువాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.