కడప బండ మీద చింతపండు పులుసు: వంటగది అపోహలు - వాస్తవాలు

అపోహ: కడప బండ నల్లగా, నున్నగా ఉంటుంది. గ్రానైటు లాంటిదే, ధర తక్కువ, అంతే.

వాస్తవం: కడప బండైనా, బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్లైనా సున్నపురాయే. పులుపు తగిలితే కరుగుతుంది. నిమ్మచెక్క బోర్లించిన చోట, పులుసు ఒలికిన చోట మెరుపు పోయి బూడిద రంగు తేలుతుంది. అది మరక కాదు, రాయే అరిగింది. తోమితే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. కొనేముందు చిన్న ముక్క అడిగి, నిమ్మరసం చుక్క వేసి, పది నిమిషాలాగి తుడవండి. మెరుపు తగ్గిందా, అది సున్నపురాయి. అంతమాత్రాన మన రాయిని పక్కన పెట్టనక్కర్లేదు. పొయ్యి, సింకు ఉండే గట్టు మీదికి గ్రానైటు, కింది అరలకూ నేలకూ నాపరాయి వాడుకుంటే సరి. నేలకు అద్దంలాంటి పాలిష్ వద్దు, తడికి కాలు జారుతుంది.

అపోహ: బోరునీళ్ల తెల్లపొర యాసిడ్‌తో పోతుంది.

వాస్తవం: పోతుంది, దాంతోపాటు బండా పోతుంది. పొరలోనూ రాతిలోనూ ఉండేది ముఖ్యంగా కాల్షియం కార్బనేటే, యాసిడ్ రెంటినీ తింటుంది. రాత్రి గిన్నెలు కడిగాక బండను పొడిగుడ్డతో తుడిస్తే పొర కట్టదు. కుళాయి మూతి సింకు మధ్యకు వచ్చేలా బిగించుకుంటే తుడుపు పని సగం తగ్గుతుంది.

అపోహ: మందంగా ఉంటే పగలదు.

వాస్తవం: రాయి బరువు మోస్తుంది గానీ వంపును ఓర్చుకోదు. 20 మిల్లీమీటర్ల అరబండకు ఎడం రెండడుగులు దాటితే మధ్యలో నిలువుబండ నిలపాలి. పగులు ఎక్కువగా మొదలయ్యేది సింకు కోసిన మూలల దగ్గరే. బేల్దారి మూలను లంబంగా కోస్తే ఒత్తిడంతా అక్కడే పడుతుంది. ముందు నాలుగు మూలల్లో గుండ్రంగా రంధ్రాలు వేయించి, తర్వాత వాటిని కలుపుతూ కోయించండి. సింకు ముందు కనీసం మూడంగుళాల బండ మిగలాలి, రెండు పక్కలా కింద ఆధారం ఉండాలి. బండ దించుకునేటప్పుడు నీళ్లు చల్లి ఆరనివ్వండి. సన్నని చీలిక ఉంటే మిగతాదంతా ఆరినా అక్కడ నల్లగీత నిలుస్తుంది.

అపోహ: కిటికీ ఎంత పెద్దదైతే అంత మేలు.

వాస్తవం: పడమటి కిటికీకి రెండడుగుల సజ్జా కట్టినా సాయంత్రపు వాలుటెండ ఆగదు. అనంతపురం మే నెలలో ఆ గోడ పక్కన నిలబడి సంకటి గెలకడం ఎవరితరం? తూర్పు, ఉత్తరం నయం. వెలుతురు వీపు వెనక నుంచి వస్తే కత్తి మీద మీ నీడే పడుతుంది, కాబట్టి కిటికీ కూరలు తరిగే చోటికి ఎదురుగా ఉండాలి. పొయ్యి మాత్రం కిటికీకి రెండడుగులు పక్కకు జరగాలి, లేకుంటే గాలికి మంట ఆరుతుంది. పాత మిద్దెల గవాక్షిని, అంటే వెలుతురు కోసం పైకప్పులో వదిలే కంతను, కొత్త స్లాబులో పెట్టించుకోవచ్చు. అయితే అద్దాన్ని స్లాబుకు అంటించి మూసేయకండి. ఆరంగుళాల కట్ట మీద ఎత్తి, పక్కల జాలీ వదలండి. అప్పుడే వేడి, పొగ పైకి పోతాయి, వాననీరు లోపలికి రాదు.

అపోహ: గ్యాసు కారితే కిటికీ గుండా పోతుంది.

వాస్తవం: సిలిండర్లో వచ్చే వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. సిలిండర్ అర తలుపుకు అడుగునే కంతలుండాలి.

అపోహ: వేపచెక్కకు పురుగే పట్టదు.

వాస్తవం: చేవకు, అంటే మాను నడిమి ముదురు చెక్కకు తక్కువ, దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు బాగానే పడుతుంది. చేవ ఏరించి, తలుపుల్ని నేలకు నాలుగంగుళాలు పైన ఆపి, ఆ కిందిభాగం రాయికే వదిలేయండి.