కొలిచింది విశాఖలో, మునిగేది డెల్టాలో

తుపాను ఉప్పెనకు ఏ ఊరు ఎంత మునుగుతుందో చూపే పటం గీయాలంటే ముందు సముద్రమట్టం లెక్కలు కావాలి. ఆంధ్ర తీరంలో అవి 1937 నుంచీ దొరికేది విశాఖ హార్బర్‌లోనే. అంత పాత రికార్డు ఈ తీరంలో మరెక్కడా లేదు. ఏడాదికొక గరిష్ఠ మట్టం ఏరి, వాటిపై లెక్కకట్టి ‘వందేళ్లకోసారి వచ్చే నీరు’ ఎంతో తేలుస్తారు. అంటే ఏటా నూటికి ఒక అవకాశం. 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. అయితే కొండలు సముద్రం దాకా వచ్చిన విశాఖ అంకెను, లోతు తక్కువైన నిజాంపట్నం అఖాతం పక్కనున్న కృష్ణా డెల్టాకు అరువివ్వడం కుదరదు.

అక్కడి లెక్క వేరు. 1864 నవంబర్ 1న మచిలీపట్నంలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబర్ 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. సుమారు 5 మీటర్ల ఉప్పెన తుడిచిపెట్టింది దివిసీమను. మన తీరంలో తుపాను దారికి కుడివైపు గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంది, ఎడమవైపు సముద్రంలోకి లాగుతుంది. దారి ఓ 50 కిలోమీటర్లు జరిగితే మునిగే ఊరు మారిపోతుంది. అందుకే ఒక్క పాత తుపానును నమ్మి పటం గీయకూడదు. ఉప్పెనను లెక్కించే ఆడ్‌సర్క్ లాంటి కంప్యూటర్ మోడల్‌లో తుపానును ఎన్నో దారుల్లో నడిపి, ప్రతి చోటా వచ్చిన గరిష్ఠ మట్టం తీసుకోవాలి. పైగా ఉప్పెన పోటు మీద వచ్చిందా, పాటు మీదా అన్నదీ కలపాలి.

కేంద్ర ప్రభుత్వ నిర్మాణ సామగ్రి మండలి బీఎంటీపీసీ 1997లో తెచ్చిన అట్లాస్ ముప్పును జిల్లాల వారీగా చూపింది. ఊరి స్థాయికి దిగేసరికి అసలు చిక్కు నేల ఎత్తు దగ్గర వచ్చింది. 2000 ఫిబ్రవరిలో అంతరిక్షం నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీఎం రాడార్ కొలత కొబ్బరితోటల్లో నేల దాకా పూర్తిగా దిగదు. ఆకుల మట్టాన్నీ కలిపేసుకుంటుంది. కోనసీమ తోట ఉన్నదానికన్నా మీటర్ల కొద్దీ ఎత్తుగా, క్షేమంగా కనిపిస్తుంది. రెండు మీటర్ల నేలపై అంత తప్పంటే పటం చెల్లనట్టే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ విమానం నుంచి లేజర్‌తో తీసిన లైడార్ ఎత్తులు వాడటానికి కారణం ఇదే. అప్పుడు కూడా పటాన్ని 30 మీటర్ల గడులుగా కోస్తే ఆ గడిలో సన్నటి కరకట్ట మాయమవుతుంది, మురుగు కాలువ తలుపు అసలే కనిపించదు. కట్ట పైమట్టం, తూము గడప, రోడ్డు నడిమి ఎత్తు మనిషి వెళ్లి కొలవాల్సిందే. ఓడల కోసం లోతులు లెక్కించే పోర్టు చార్టు సున్నాకు, నేల ఎత్తులు లెక్కించే సర్వే వారి సగటు సముద్రమట్టానికి విశాఖలో సుమారు 0.8 మీటర్ల తేడా ఉంది. అది సవరించకపోతే మిగతా శ్రమంతా వృథా.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదికే వచ్చింది. హార్బర్‌లో ఉప్పెన సుమారు 1.4 మీటర్లు. నగరాన్ని కూల్చింది మాత్రం గంటకు 180 కిలోమీటర్ల గాలి. కైలాసగిరిపై వాతావరణ రాడార్ కూడా దెబ్బతింది. ఉప్పెన పటంలో ఆ నష్టానికి చోటే లేదు. విమానాశ్రయం, లోపలి హార్బర్ ఉన్న పాత ఉప్పుటేరు పల్లంలో మరో లెక్క కావాలి. మేఘాద్రిగెడ్డ వరద వచ్చేసరికి సముద్రం పోటు మీదుంటే నీటికి దారి ఉండదు. వాననూ పోటునూ విడివిడి పటాల్లో గీస్తే రెంటిలోనూ ఆ పల్లం పొడిగానే కనిపించవచ్చు.