వీల్ నట్లు: "గట్టిగా బిగించావా బాబూ?" అని అడిగే ముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల పని, ఇరవై ఏళ్లు దాటింది. మైలేజీ గురించి గంటసేపు మాట్లాడే కస్టమర్లు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఆ నాలుగైదు నట్ల గురించి అడిగేది ఒక్కటే మాట, "గట్టిగా బిగించావా బాబూ?" అని. అసలు గొడవంతా ఆ "గట్టిగా" దగ్గరే ఉంది.

అపోహ: బండి బరువంతా స్టడ్ల మీదే వేలాడుతుంది, కాబట్టి ఎంత బిగిస్తే అంత సేఫ్.

స్టడ్లంటే హబ్బుకు, అంటే ఇరుసు చివర చక్రం కూర్చునే బిళ్లకు, ఉండే మర కడ్డీలు; నట్లు ఎక్కేది వాటి మీదే. మెకానిక్కుల్లో కూడా చాలామంది ఇలాగే అనుకుంటారు. ఓ పని చేసి చూడండి. నాలుగు లావు పుస్తకాలు వరసగా నిలబెట్టి, రెండు చివరలా అరచేతులతో అదిమి పైకెత్తండి. మధ్యలో పుస్తకాల కింద ఏమీ లేకపోయినా పడవు. చేతులు కాస్త వదులు చేశారా, జారిపోతాయి. స్టడ్డుదీ ఆ చేతుల పనే. నట్టు బిగిసేకొద్దీ స్టడ్డు కంటికి కనిపించనంత సాగి, స్ప్రింగులా వెనక్కి లాగుతూ రిమ్మును హబ్బుకేసి అదిమి పెడుతుంది. బరువునూ బ్రేకునూ మలుపునూ తట్టుకునేది ఆ రెంటి మధ్య ఉన్న పట్టు. వదులైతే రిమ్ము కదులుతుంది, ఆ కదలికకు చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్డు అటూ ఇటూ వంగుతూ, ఇనప తీగను వంచి వంచి తుంచినట్టు తెగుతుంది. మరి అతిగా బిగిస్తే? పెన్నులో స్ప్రింగును మరీ లాగితే మళ్లీ దగ్గరికి రాదు చూడండి, స్టడ్డూ అంతే. సాగిపోయింది ఇక సరిగ్గా లాగదు, పైకి మాత్రం బిగుతుగానే కనిపిస్తుంది.

ఎంత బిగించాలన్నది బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు: మారుతి చిన్న కార్లకు 85 నుంచి 100, టొయోటా బండ్లు చాలావాటికి 103, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. లెక్క సులువే: అర మీటరు పానా చివర 20 కిలోల బలం పెడితే సుమారు 98. అదే పానా మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 340 దాటుతుంది! పైపు దూర్చి ఊగేవాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది.

అపోహ: గన్‌తో కొట్టించాం, ఇక టెన్షన్ లేదు.

గన్, అంటే గాలి ఒత్తిడితో నట్లు బిగించే మెషిన్, మంచిదే, పని తొందరగా అవుతుంది. కానీ దానికి చాలు అని తెలియదు. కంప్రెసర్ నిండుగా ఉంటే ఒకలా, పొద్దుటి నుంచి వాడి గాలి తగ్గితే ఇంకోలా కొడుతుంది. నట్టు మర ఎక్కకుండా అడ్డంగా కూర్చున్నా అదే జోరుతో తోసేస్తుంది, మర పోయాక గానీ తెలియదు. అందుకే మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పాలి. చేత్తో తిరగలేదంటే ఆగి చూడాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (మనం పెట్టిన అంకె రాగానే టక్కుమనే పానా), జాకీ దించాక, ఒకదానికి ఎదురుగా ఇంకొకటి. వరసగా బిగించుకుంటూ పోతే రిమ్ము ఒకవైపు వాలి కూర్చుంటుంది, కొన్నిసార్లు బ్రేకు డిస్కు కూడా స్వల్పంగా వంకర పోయి పెడల్ వణుకుతుంది. అప్పుడు బ్రేకు ప్యాడ్లు మార్పించుకుని వెళ్తారు, వణుకు మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: గ్రీజు రాస్తే తుప్పు పట్టదు, విప్పడం తేలిక.

ఈ అలవాటు లారీ షెడ్ల నుంచి వచ్చిందనుకుంటా. కంపెనీ చెప్పిన అంకె పొడి మరలకు. గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, రెంచ్ అదే 100 దగ్గర టక్కుమన్నా స్టడ్డు మాత్రం చాలా ఎక్కువ సాగుతుంది. వైర్ బ్రష్‌తో మరలు తుడవండి, చాలు. హబ్బు ముఖం మీది తుప్పు పొర కూడా గీకాలి. ఆ పొర, రిమ్ము మీద కొత్తగా వేసిన పెయింటు, నాలుగు రోజులు తిరిగాక నలిగి అణిగిపోతే ఆ మేరకు నట్టు వదులవుతుంది.

అపోహ: నట్టు నట్టే, ఏదైతేనేం.

పాత సామాన్ల డబ్బాలోంచి తీసి వేసేవాళ్లను చూశాను. మారుతి బండ్లు చాలావాటికి మర 12 మిల్లీమీటర్ల లావు, 1.25 పిచ్ (ఒక మర గాడి నుంచి పక్క గాడికి దూరం, మిల్లీమీటర్లలో). హ్యుందాయ్, హోండాలకు 12కి 1.5. ఒకదాని మీద ఇంకొకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, తర్వాత మరను కొరికేస్తుంది. కూర్చునే చోటు కూడా చూడాలి: చాలా బండ్లకు నట్టు ముఖం కోసుగా ఉంటుంది, హోండా కంపెనీ రిమ్ములకు గుండ్రంగా, పోలోకు నట్లే ఉండవు, గుండ్రటి ముఖం ఉన్న బోల్టులు. గుండ్రటి గుంటలో కోసు నట్టు వేస్తే సన్నటి అంచు మీద మాత్రమే ఆనుతుంది. కోసు వైపు బయటికి పెట్టి బిగించిన బండి కూడా ఒకటి మా షాపుకొచ్చింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బయట అల్లాయ్ చక్రాలు కొన్నప్పుడు నట్టు తిరిగే చుట్లు లెక్కపెట్టండి: 1.5 పిచ్‌కు కనీసం ఎనిమిది, 1.25కు పది తిరగాలి.

అపోహ: ఒకసారి బిగిస్తే మళ్లీ చూడక్కర్లేదు.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి, ఇక్కడి నుంచి ఏలూరు వెళ్లినంత దూరం అనుకోండి. పనిలో చేరిన కొత్తల్లో నేనే ఓ బండికి ముందు ఎడమ చక్రం నట్లు చేత్తో తిప్పి, టీ వచ్చిందంటే వెళ్లి, తిరిగొచ్చి పక్క చక్రం అందుకున్నాను. ఆ డ్రైవరన్న చెవులు చురుకైనవి, బెంజి సర్కిల్ దాటకముందే వెనక్కి తెచ్చాడు. మా మేస్త్రి ఏమన్నాడో ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి బిగించిన ప్రతి నట్టు మీదా సుద్దగీత గీస్తాను.

అపోహ: స్టీరింగ్ ఊగుతోందంటే బ్యాలెన్సింగే.

కావచ్చు. కానీ బ్యాలెన్సింగ్ ఊపు, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా లేక వచ్చేది, సాధారణంగా వేగం 80 దాటాక తెలుస్తుంది. నెమ్మదిగా వెళ్తున్నా టక్ టక్ మంటుంటే, చక్రం విప్పి వేసిన వారంలోనే మొదలైతే, నట్ల చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే, బ్రేకు గట్టిగా తొక్కకుండా మెల్లగా పక్కకు తీసి నాలుగు చక్రాలూ చూడండి. వదులైన నట్లు బిగించాక కూడా ప్రయాణం అలాగే కొనసాగించవద్దు, దగ్గర్లోని షాపు దాకా నెమ్మదిగా వెళ్లి, వదులుగా తిరిగిందని చెప్పండి. అప్పుడే వాళ్లు రిమ్ము రంధ్రాలు కోలగా సాగాయేమో చూస్తారు.

స్టడ్డు ఒకటి విరిగితే ఆ చక్రానివన్నీ మార్చమంటాను. "మిగతా మూడూ బాగానే ఉన్నాయిగా" అని బేరమాడేవాళ్ల చేతిలో విరిగిన ముక్క పెడతాను. తెగిన ముఖం మీద సగానికి పైగా నున్నగా, చెరువు ఒడ్డున నీరు దిగిన గీతల్లా ఉంటుంది. ఆ భాగం చాన్నాళ్లుగా కొంచెం కొంచెంగా తెగుతూ వచ్చింది. చివర గరుకుగా ఉన్న కాస్త ముక్కే ఆ రోజు తెగింది.